దుమ్ములో కనబడే రంగు

కరీంనగర్‌లో ఆ రంగుల షాపు ముందు బండి ఆపగానే థిన్నర్ వాసన ముక్కును పట్టేసింది. ట్యాంకు మీద పడిన చిన్న గీత సరిచేయించుకుందామని వచ్చాను. లోపల కొత్త పెయింటర్ మూతికి చేతిరుమాలు కట్టుకొని స్ప్రే గన్ అందుకుంటున్నాడు. అదే మూల, అదే చేతిరుమాలు. పాత కోపం మళ్లీ లేచింది.

నాలుగేళ్ల క్రితం ఆ మూలలో సాదిక్ చాచా పని చేసేవాడు. దూర ప్రయాణాలకని కొన్న పాత బండికి రంగు వేయించడానికి నేను పట్టిక తయారుచేసుకుని వెళ్లాను. ఆరు రంగులు. ఒక్కోదానికి మెరుపు, ఎండకు వెలిసే గుణం, గీతలు కనబడే తీరు, అన్నింటికీ మార్కులు. మొదటి స్థానం ముదురు బూడిద రంగుది. మెకానికల్ ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, నా లెక్క తప్పదనుకున్నాను.

చాచా కాగితం చూసి, "బండి ఏడికి పోతది బేటా?" అన్నాడు.

"ఆదిలాబాద్ దిక్కు. జలపాతాలన్నీ తిరిగొస్త చాచా."

ఆయన ఒక రేకు ముక్క మీద నా బూడిద రంగు, ఇంకోదాని మీద పసుపు కొట్టాడు. ఆరాక బయటికెళ్లి, రోడ్డు పక్కనుంచి గుప్పెడు దుమ్ము తెచ్చి రెండింటి మీదా చల్లాడు. నాకు ఒళ్లు మండింది.

"మంచి రంగును ఖరాబు చేస్తవేంది చాచా?"

"తొవ్వ మీద బండి కడిగినట్టే ఉంటదా? జర దూరం పోయి చూడు. లారీవోనికి నువ్వు కనబడాలె గదా. గీ కాయితంల దుమ్ముకు గడి ఏది?"

పది అడుగులు వెనక్కి వెళ్లి చూశాను. బూడిద రేకు రోడ్డులో కలిసిపోయింది. పక్కనే దుమ్ము పట్టిన పసుపు రేకు మాత్రం స్పష్టంగా కనబడుతోంది. పసుపుకే ఒప్పుకున్నాను, కానీ ఓడిపోయిన ఉక్రోషం పోలేదు. లేతగా ఉందని ఒకసారి, నారింజ కొడుతోందని ఇంకోసారి, మొత్తం మూడుసార్లు కొట్టించాను. కొట్టిన ప్రతిసారీ చాచా బయటికొచ్చి, మూతికి కట్టిన చేతిరుమాలు కిందికి లాగి, గోడకు చెయ్యి ఆనించి దగ్గేవాడు.

"మాస్కు లేదా చాచా?"

"సేట్ తెస్త అంటుండు. రెండేండ్ల సంది తెస్తనే ఉన్నడు," అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ రంగు గట్టిపడటానికి కలిపే రసాయనం ఊపిరితిత్తులను ఏం చేస్తుందో నేను చదువుకున్నాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా నవ్వాను.

పోయిన వానాకాలంలో దగ్గు ముదిరిందని చాచాను పని మానిపించారు. ఇంటికి వెళ్తే మంచం మీద కూర్చుని, మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటూ అడిగాడు: "దుమ్ముల... కనబడుతున్నదా... బండి?"

"కనబడుతున్నది చాచా," అన్నాను.

ఇవాళ కొత్త పెయింటర్‌ను చూపించి షాపు సేట్‌ను నిలదీశాను. "ఈయనకు మాస్కు ఏది?"

"వీళ్లకు అలవాటు లేదు సార్. పెట్టుకుంటే ఊపిరాడదంటరు."

"సాదిక్ చాచాకు పెట్టుకోకుంటనే ఆడుతలేదు గదా!"

"ఆయనది వయసు సార్."

నేను వెళ్లి స్ప్రే గన్‌కు గాలి పంపే కంప్రెసర్ స్విచ్ ఆపేశాను. చాచా ఇంటి నుంచి వచ్చిన రోజే కొన్న మాస్కు బండి సంచిలో ఉంది. తీసి కొత్త పెయింటర్ చేతిలో పెట్టి, "ఇది పెట్టుకున్నంకనే నా బండి ముట్టు అన్నా," అన్నాను. సేట్ ఏదో గొణిగాడు. నేను గొంతు తగ్గించలేదు.

ఇప్పటికీ పట్టికలు రాస్తూనే ఉన్నాను. దుమ్ముకు ఒక గడి ఉంటుంది. దానికన్నా ముందు ఇంకొకటి గీస్తాను: ఈ పని చేసే మనిషి ఏం పీలుస్తున్నాడు? అది ఖాళీగా ఉంటే కిందికి చదవను.