మలుపులో ఆగిపోయే బండి

పాడేరులో మా ఆయన యెహోషువ మెకానిక్కు. షెడ్డు పక్కనే నా టీ కొట్టు. మా ఆయనకు బండ్లతో ఉన్న ఓపిక మనుషులతో లేదు. బండి ఎంత మొరాయించినా దాని మీద చెయ్యేసి నిదానంగా చూస్తాడు, దాన్ని తోసుకొచ్చిన మనిషిని మాత్రం నోటికొచ్చినట్టు తిడతాడు. తిట్లు తిన్నవాళ్లంతా వచ్చి నా బల్ల మీద కూలబడతారు. అందుకే ఈ కొండల్లో ఎవరి బండికి ఏ జబ్బుందో, ఎవరింట్లో ఏ గొడవుందో రెండూ నాకు తెలుసు. గాసి పరిచయమైంది కూడా ఆ బల్ల మీదే.

అతనిది ఘాటీ రోడ్డు పైన చిన్న గూడెం. కొంచెం కాఫీ తోట, కొంచెం చోడి చేను, చోడంటే రాగులే. గూడెం మొత్తానికి బండి ఉన్నది అతనొక్కడికే. ఎవరో మాస్టారు వాడి వాడి వదిలేసిన పాత మోటారు సైకిలు. జ్వరమొచ్చినవాళ్లను, నెలలు నిండినవాళ్లను దాని మీదే పాడేరు దించేవాడు. పెట్రోలు పోయిస్తే చాలు, ఇంకేమీ అడిగేవాడు కాదు. మాట తక్కువ మనిషి. టీ తాగాక తన గ్లాసు తనే కడిగి పెట్టేవాడు, వద్దన్నా వినేవాడు కాదు.

వాళ్లావిడ స్వర్ణ అలా కాదు, ఆవిడ వస్తే నా కొట్టుకు సందడి వచ్చేది. మా ఆయన్ని ఆటపట్టించే ధైర్యం ఉన్న మనిషి ఆవిడొక్కతే.

"ఏటి బావా, బండి బాగు సేత్తన్నావా, దానికి పెళ్లి సేత్తన్నావా? బేగి కానీ" అనేది. ఇంకెవరైనా ఆ మాటంటే పానా విసిరేవాడు. స్వర్ణ అంటే నవ్వేవాడు.

ఒక వానాకాలం గాసి బండి ట్యాంకులోకి నీళ్లు దిగాయి. మా ఆయన పెట్రోలంతా పారబోసి, కడిగి, మళ్లీ పోసి, అలవాటు ప్రకారం మొగుడూ పెళ్లాలిద్దరినీ కలిపి తిట్టాడు.

"మీ కొండ మీద వాన కాకపోతే మంచు. ట్యాంకులోకి సుక్క నీరు దిగినా బండి సచ్చిపోద్ది. సుక్క దిగకుండా సూసుకోండి."

గాసి తలూపాడు. స్వర్ణ మాత్రం ఆ రోజు ఎదురు మాట్లాడకుండా శ్రద్ధగా వింది.

ఆ తర్వాత నీళ్లు దిగలేదు కానీ బండికి కొత్త జబ్బు పట్టుకుంది. గూడెం నుంచి బయల్దేరితే ఘాటీ మలుపు దాకా బాగానే వచ్చేది. అక్కడ ఊపిరాడనట్టు రెండుసార్లు గుక్కపట్టి ఆగిపోయేది. కాసేపయ్యాక మళ్లీ నడిచేది. పాడేరు చేరాక ఏ రోగమూ ఉండేది కాదు. మా ఆయన ప్లగ్గు మార్చాడు, కార్బరేటరు విప్పి కడిగాడు, కాయిలు మార్చాడు, పెట్రోలు పైపు ఊదాడు. దానెక్కి ఊరంతా తిరిగొచ్చాడు. ఒక్కసారీ ఆగలేదు.

"నీ బండికి రోగం లేదురా, నీకే ఉంది" అన్నాడు.

"వచ్చినప్పుడే ఆగుతాదన్నా. ఎల్లినప్పుడు ఆగదు" అన్నాడు గాసి.

ఆ మాట మా ఆయన పట్టించుకోలేదు. గూడెంలో వాళ్లు పట్టించుకున్నారు. ఆ మలుపులో అమ్మవారిగా మొక్కే తల్లి రాయి ఒకటి ఉంది. కొండ దిగేవాళ్లు ఆవిడకు పచ్చని కొమ్మ ఒకటి పెట్టి, వెళ్లొస్తామని చెప్పుకుని దిగుతారు. ఎక్కేటప్పుడు అడగనక్కర్లేదు, ఇంటికే కదా పోవడం. కాళ్లతో నడిచినంతకాలం అందరూ ఆగారు, బండొచ్చాక గాసి ఆగడం మానేశాడు, అందుకే తల్లి ఆపుతోందని తేల్చారు. గాసి కూడా ఒప్పుకున్నాడు. అప్పట్నుంచి బండి ఆగగానే దిగి, కొమ్మ విరిచి పెట్టి, ఎందుకైనా మంచిదని ట్యాంకు మూత తీసి పెట్రోలుందో లేదో చూసుకుని కిక్కు కొట్టేవాడు. బండి లేచేది. నేను ప్రతి ఆదివారం చర్చికి వెళ్లేదాన్ని, అయినా నవ్వలేదు. జీపెక్కే ముందు నేనూ కళ్లు మూసుకుంటాను.

కాఫీ తోటలో కలుపు తీస్తుండగా స్వర్ణను రక్తపింజరి కాటేసింది.

ఆ సంగతి ఆవిడ తమ్ముడు సుక్రు నా బల్ల మీద కూర్చుని చెప్పాడు. పట్టపగలే, కానీ వాన కుండపోత. స్వర్ణను గాసి వీపుకు తువ్వాలుతో కట్టి, వెనక సుక్రు ఎక్కి పట్టుకున్నాడు. మలుపు దాకా వచ్చారు. బండి ఆగిపోయింది.

"దిగి కొమ్మ పెట్టు బావా అన్నాను. దిగితే మీ అక్క జారిపోద్ది, ఆగు, స్టార్టయిపోద్ది అన్నాడు. అలాగే కూసుని కిక్కు కొట్టాడు. కొడతానే ఉన్నాడు. అక్క నాతో మాటాడింది. గుంటకి, కనకకి, అన్నం ఎవులు పెడతారని అడిగింది. తరవాత మాటాడలేదు."

చివరికి బండి అక్కడే వదిలేసి భుజాల మీద మోశారు. కింద ఎక్కడో జీపు దొరికింది. ఆసుపత్రిలో స్ట్రెచరు మీద పడుకోబెట్టేసరికే ఆమె లేదు. గాసి కుడి అరికాలు చీలి రక్తం కారుతోందట. అతను చూసుకోలేదట.

"కొమ్మ పెట్టుంటే బతికేది. మా అక్కని ఆడే సంపీసేడు" అన్నాడు సుక్రు. నాకు ఒళ్లు మండింది. కానీ అక్క పోయినవాడితో ఏం వాదిస్తాం. గూడెమంతా అదే మాట అన్నది. ఆ తర్వాత గాసితో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదని, పొయ్యిలోకి నిప్పు అడిగినా మొహం తిప్పుకుంటున్నారని వాళ్లూ వీళ్లూ చెప్పారు.

చోడి కోతలయ్యాక గాసి వచ్చాడు. మలుపు దగ్గర పడి ఉన్న బండిని కూరగాయల వ్యానులో వేయించుకుని, కూతురు కనకను వెంటబెట్టుకుని దిగాడు. మనిషి సగమయ్యాడు. మా ఆయన తిట్టలేదు. నా కాపురంలో ఒక కస్టమరును తిట్టకుండా నిలబడ్డం అదే మొదటిసారి చూశాను.

"అన్నా, ఇది నడవాలని తేలేదు. దీన్లో ఏటైనా పాడుందా, లేకపోతే స్వర్ణని నేనే సంపీసేనా, సూసి సెప్పు. ఏదైనా సరే, నిజం సెప్పు" అన్నాడు గాసి.

నేను గుంటను నా దగ్గర కూర్చోబెట్టుకుని బన్ను పెట్టాను. మూడో తరగతి చదువుతోంది. తల్లి పోలికే, మాట కూడా తల్లిదే. షెడ్డులో మా ఆయన ట్యాంకు మూత చుట్టూ నల్లబడిన మైనం గోటితో గీకుతుంటే చూసి, "పెద్దమ్మా, అది నేనే పెట్టాను" అంది.

"ఏటమ్మా అది?"

"తేనె మైనం. చోడి విత్తనం ఆనప బుర్రలో పోసి మూతికి మైనం పెడతాం కదా, సెమ్మ తగలకుండా. బండికి కూడా అలాగే పెట్టాలంది అమ్మ. సుక్క నీరు దిగకూడదని పెదనాన్న సెప్పాడంట. నాన్న కొండ దిగినాక పెట్రోలు కోసం గీకేసేవోడు, ఇంటికొచ్చినాక మళ్లీ నేను పెట్టేదాన్ని. అమ్మని పాము కరిసిన రోజు వాన ఎక్కువ కదా. నాన్న పెట్రోలు పోసి మూతేశాడు. నేను పొయ్యి కాడ మైనం మెత్తగా సేసి, బాగా దట్టంగా పెట్టేను."

"మంచి పని చేశావు తల్లీ" అన్నాను. అప్పటికి నాకేమీ తెలియదు. తెలియక అన్న ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

షెడ్డులోకి టీ పట్టుకెళ్లాను. మా ఆయన గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు. మూతలో మైనంతో మూసుకుపోయిన సూది బెజ్జమంత కన్నం చూపించాడు. పెట్రోలు కిందికి దిగాలంటే ఆ కన్నంలోంచి గాలి లోపలికి పోవాలి. గాలి పోకపోతే కాసేపు నడిచి, పెట్రోలు దిగక ఇంజను ఆగిపోతుంది. మూత తీస్తే గాలి పోతుంది, బండి లేస్తుంది. గీకిన మైనం మళ్లీ అద్ది, బండి స్టార్టు చేసి వదిలాడు. చాలాసేపు నడిచింది. తర్వాత రెండుసార్లు గుక్కపట్టి ఆగిపోయింది. మూత తిప్పగానే స్సుమని గాలి పీల్చుకుంది. కిక్కు కొడితే లేచింది.

"అంటే, కొమ్మ వల్ల కాదు" అన్నాడు గాసి.

"కాదురా. ప్రతిసారీ మూత తీసేవోడివి కదా, అందుకని లేచేది. ఆ రోజు దిగనూ లేదు, వానలో మూత తియ్యనూ లేదు."

అతని గుండె మీది బరువు దిగుతుందనుకున్నాను. గాసి మూత చేతిలోకి తీసుకున్నాడు. గీకగా మిగిలిన మైనం మీద వేలిముద్రలు ఉన్నాయి. చిన్నవి, వరసగా, ఒత్తి ఒత్తి పెట్టినవి. అతను వాటి మీద తన బొటనవేలు ఆనించి చూసుకున్నాడు. అలాగే నేల మీద కూర్చుండిపోయాడు.

"సుక్క నీరు దిగకూడదన్నది నేనేరా" అన్నాడు మా ఆయన.

గాసి మూత మీది మైనమంతా శుభ్రంగా గీకి, ఉండ చేసి, జేబులో వేసుకున్నాడు.

"సుక్రుకి సెప్పకన్నా. మా ఊరోలెవులికీ సెప్పొద్దు. వదినా, నువ్వు కూడా. కొమ్మ పెట్టలేదు, అందుకని పోయింది. అలాగే ఉండనీ."

"నువ్వు సంపేసేవని ఊరంతా అంటంటే ఊరుకుంటావేటిరా?" మా ఆయనకు పాత కోపం తిరిగొచ్చింది.

"అననీ. గుంట ఆ ఊర్లోనే పెరగాల."

మా ఆయన లోపలికి పోయి కొత్త మూత తెచ్చి బిగించాడు. అప్పటికి కనక బన్ను తినేసి, చేతులు గౌనుకు తుడుచుకుంటూ వచ్చి బండి పక్కన నిలబడింది.

"బండికి ఏటయింది నాన్నా?"

"పాతదైపోయిందమ్మా."

"కొత్త మూతకి మైనం పెట్టాలా?"

"దీనికక్కర్లేదు" అన్నాడు మా ఆయన, బండి వైపే చూస్తూ.

పిల్ల పాత మూత వైపు చూసింది. "మరి పాతదానికి నేను బాగానే పెట్టాను కదా?" అంది.

మా ఆయన లేచి షెడ్డు వెనక్కి వెళ్లిపోయాడు. గాసి కూతురి తల మీద చెయ్యి వేశాడు.

"బాగా పెట్టావమ్మా. సుక్క నీరు దిగలేదు."

తర్వాత నా కొట్టు దగ్గరికి వచ్చి, తన గ్లాసు కడిగి బల్ల మీద బోర్లించాడు. పిల్లను ముందు కూర్చోబెట్టుకున్నాడు. బండి ఒక్క కిక్కుకే స్టార్టయింది.