చిరుగుల బాబాయి పేదరికం

చిరుగుల బాబాయికి కొత్త వస్తువంటే ఒంటికి పడదు. ఆయన ఒక టీవీ సీరియల్‌కి సామాన్లు సమకూర్చే మనిషి. ఆ సీరియల్లో మొగుడు పోయిన ఓ తల్లి, కూతుర్ని పెట్టుకుని, రోజుకి అరగంట చొప్పున మూడేళ్ళుగా కష్టాలు పడుతోంది. ఆ కష్టాలకి కావలసిన చిరుగులూ సొట్టలూ చిల్లులూ అన్నీ బాబాయివే. కన్నీళ్ళు మాత్రం సీసాలోంచి వస్తాయి.

డైరెక్టరుకి ఆయనతో రోజూ తలనొప్పే. దుప్పటి కొనిస్తే వాసన చూసి, "ఇది పేదరికం కాదు బాబూ" అనేవాడు. గిన్నె కొనిస్తే వేలితో కొట్టి చూసి మళ్ళీ అదే మాట.

"రెండు చోట్ల చింపేసి కానివ్వండి బాబాయ్!"

"చింపితే చిరుగవుతుందా? దానంతటది ఓపిగ్గా చిరగాలి."

మర్నాటికల్లా ఎక్కణ్ణించో అసలు సిసలు పేద దుప్పటి దిగేది. ఓసారి హీరోయిన్ పస్తులుండే సీనుకి లిప్‌స్టిక్‌తో వచ్చింది. "పస్తులున్న నోటికి అంత రంగెక్కడిదే తల్లీ?" అన్నాడు బాబాయి. ఆవిడ అలిగి ఏసీ వ్యాను ఎక్కేసింది. ఆ పూటకి పేదరికం ఆగిపోయింది.

ఆ వారం కథలో కూతురికి స్కూలు బ్యాగు కావలసి వచ్చింది. డైరెక్టరు స్వయంగా కొనుక్కొచ్చాడు. బాబాయి జిప్పు అటూ ఇటూ లాగి పెదవి విరిచాడు. తెల్లారేసరికి సెట్టు మీద పిన్నీసులతో బతుకీడుస్తున్న బ్యాగుంది, కొత్తది లేదు. అప్పుడు తట్టింది డైరెక్టరుకి. దుప్పటీ, గిన్నే, స్టవ్వూ, కొన్నవేవీ మళ్ళీ కంటబడలేదు.

"ముసలాయన అమ్ముకు తింటున్నాడు! రుజువు దొరకనీ, ఆ క్షణమే ఇంటికి పంపేస్తా."

సాయంత్రం గేటు దగ్గర దొరికింది ఆ కొత్త బ్యాగు, సెట్టు ఊడ్చే ఆవిడ కూతురి భుజాన. తల్లి చేతిలోంచి చీపురు జారిపోయింది.

"దొంగతనం కాదు సార్! మా ఇంట్లో సామాన్లు భలేగా చిరిగాయని, పాతవి తీసుకుని కొత్తవిచ్చారు బాబాయిగారు. మా ఆయన పోయినప్పట్నించీ ఒక్కొక్కటే..."

డైరెక్టరు సెట్టు వంక చూశాడు. జనం ముక్కులు చీదుకుంటూ చూస్తున్న ఇల్లు ఈవిడదే. ఆ ఇంటిముందు ఊడుస్తుంటే, "ఏమ్మా, కెమెరాకి అడ్డం తప్పుకో" అని రోజూ అరిచింది తనే. అతనికి సిగ్గేసింది.

బాబాయిని పిలిపిస్తే, ఆయన ఎదురు కసిరాడు. "మరేం చెయ్యమంటావ్? అంత మంచి పేదరికాన్ని ఇంట్లో పెట్టుకుని వృథా చేస్తోంది!"

డైరెక్టరు నవ్వు ఆపుకున్నాడు. "సరే, రేపటి సీనుకి మంచం కావాలి. గట్టిది, పరుపుతో సహా కొనండి."

"కొత్త మంచమా? ఇది పేదరికం..." అంటూనే ఆగి, బాబాయి ఆవిడ వైపు తిరిగాడు. "అమ్మాయ్, మీ ఇంట్లో మంచం ఎలా ఉంది?"

"మూడు కాళ్ళేనండీ. నాలుగోవైపు ఇటుకలు పెట్టాం."

బాబాయి మొహం వెలిగిపోయింది.

"ఆహా! ఇదీ పేదరికమంటే!"