పరిశీలనలో ఉన్న నల్లా

మా మగ్గాల వాడ కౌన్సిలరు సారంగపాణి ప్రతి ఆదివారం చాయ్ హోటలు ముందు బల్లెక్కి సర్కారు సంగతులు చెప్పేవాడు. జంపఖానాలు నేయడంలో ఆయనకు సాటి లేదు. కాగితాలు చదవడంలో మాత్రం చదువు కన్నా ధైర్యం ఎక్కువ.

ఎనభై మూడు ఎండాకాలంలో హైదరాబాదు నుంచి ఉత్తరం వచ్చింది. వాడకు నల్లా రాకపోతే ఆయనకు ఓటు రాదని ఆడవాళ్లు అప్పటికే తేల్చేశారు.

"మన నల్లా పరిశీలనలో ఉన్నదట!" అని గట్టిగా చదివాడు.

"అదేడున్నది బావా?" అంది లక్ష్మీనర్సమ్మ, ఖాళీ బిందె చంకన పెట్టుకుని.

తెలియదంటే పరువు పోతుంది. "కాజీపేట అవుతల. పైపులు ఆడిదాక వచ్చినయ్. ఫికర్ చెయ్యకుండ్రి."

"ఆడిదాక వచ్చినంక ఇంకేంది? మనమే పోయి తెచ్చుకుందాం, నడువు!"

నలుగురు ఆడవాళ్లు ఆయన్ను బస్సెక్కించి కాజీపేట స్టేషనుకు తీసుకుపోయారు.

"పరిశీలనకు ఐదు టికెట్లియ్యి సారూ," అంది లక్ష్మీనర్సమ్మ.

టికెట్ల గుమాస్తా ఉత్తరం అడిగి చదివాడు. పాపం, నవ్వలేదు. "అది ఊరు కాదమ్మా. ఇంకా చూస్తాన్నం అని మర్యాదగ చెప్పుడు. నా బదిలీ దరఖాస్తు ఆరేండ్ల సంది అండ్లనే ఉన్నది."

అందరూ సారంగపాణి వైపు తిరిగారు.

"కాజీపేట అవుతలనంటివి గద బావా?"

ఆయన కండువా సర్దుకున్నాడు. "అబద్ధమా? హైదరాబాదు కాజీపేట అవుతలనే గద!"

లక్ష్మీనర్సమ్మ మళ్లీ కిటికీలోకి వంగింది. "అయితే ఐదు హైదరాబాదుకియ్యి సారూ. మా బావను నడుమ కూసోబెడ్తం, లేకుంటే దుంకుతడు."