పెద్దమ్మకు ధైర్యం చెప్పబోయి

మా పెద్దబాపు యోసేపుకు రోగమనే మాటే పడదు. పక్కవాడు మూలిగితే చాలు, "జర ఎండల నిలబడు, పోతది" అనేవాడు. కాజీపేట లోకోషెడ్డులో ఫైర్‌మన్. డోర్నకల్ దాకా ఇంజన్‌లోకి బొగ్గు ఎత్తిపోయడమే ఆయన పని. నడుము నొప్పికి మాత్రం జేబులో ఎప్పుడూ గోలీలు ఉండేవి. డ్యూటీ ఎక్కేముందు తాను వేసుకుని, అదే షెడ్డులో పనిచేసే నాకూ, మిగతా వాళ్ళకూ తలా ఒకటి పంచేవాడు. వద్దంటే అలిగేవాడు. టీతో పాటు మింగేవాళ్ళం.

ఇంట్లో రోగిష్టి అంటే మార్తమ్మ పెద్దమ్మే. మెట్లెక్కితే ఆయాసం, పొద్దున లేస్తే ముఖం వాపు. ఎనభై ఒకటి వానాకాలంలో డాక్టరు ఆమె కిడ్నీల మీద అనుమానపడి, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించమన్నాడు. మా చర్చిలో పాటలు పాడే ఆనందరావుకు హన్మకొండలో ల్యాబ్ ఉండేది. అక్కడికి తీసుకుపోయాం. సూది చూడగానే పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఒకటే ఏడుపు.

"ఏమైతదే, ఇటు సూడు" అని పెద్దబాపు తన చెయ్యి చాపాడు. "ముందుగాల నాది తియ్యి తమ్మీ. తీసినంక పారబొయ్యకు, నాది గూడ జూడు. మొగోని రక్తం ఎట్లుంటదో దీనికి తెలవాలె."

మర్నాడు ఆనందరావే ఇంటికొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "అక్కది మంచిగనే ఉన్నది. నీదే అన్నా... ఏడు దాటింది. ఒకటి చుట్టుముట్టు ఉండాలె."

కిడ్నీలు బయటికి పంపాల్సిన చెత్త రక్తంలోనే ఉండిపోతే ఆ అంకె పెరుగుతుందట. ఏడంటే అవి చేతులెత్తేసినట్టేనట. పెద్దబాపు ముందు నవ్వాడు, తర్వాత మండిపడ్డాడు. "సీసాలు తారుమారు జేసినవ్! ఆదివారం పాటలు గూడ గిట్లనే తప్పు పాడుతవ్!" పెద్దమ్మ ఆ ఏడు తనదేనని నమ్మి, మొగుడికి రేపు అన్నం ఎవరు పెడతారని ఏడ్చింది. మేమూ అట్లాగే అనుకున్నాం. గట్టి మనిషికి కిడ్నీ రోగమేమిటి, ఆనందరావుకు మతిపోయింది అని తిట్టుకున్నాం.

మళ్ళీ తీయించాం. ఈసారి పెద్దబాపు ఒక్కడిదే. తారుమారు కావడానికి పక్కన ఇంకో సీసా కూడా లేదు. అయినా ఏడు దాటింది.

హైదరాబాద్‌లో పెద్ద డాక్టరు అడిగాడు, ఏం మందులు వాడుతున్నావని.

"మందులా? ఎన్నడు ముట్టలే సార్."

గోలీలు ఆయన దృష్టిలో మందులే కావు! నేనే ఆయన జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాను. ఏండ్ల తరబడి రోజూ మింగితే ఇవే కిడ్నీలను తినేస్తాయని చెప్పాడు డాక్టరు. తాను బతుకుతాడా లేదా అని పెద్దబాపు అడగలేదు. "మా షెడ్డు పోరగాండ్లకు గూడ నేనే ఇచ్చిన సార్" అన్నాడు.

కాజీపేటలో రైలు దిగి ఇంటికి రాలేదు, నేరుగా షెడ్డుకు పోయాడు. "ఆ గోలీలు ఇంక ఎవ్వడు మింగొద్దు. నా కిడ్నీలు అవ్విటితోనే పోయినయ్" అని అరిచాడు. అందరూ నవ్వారు.

"పరాచకాలాడకే అన్నా, నీకేమైంది? మంచిగనే ఉన్నవ్ గద" అన్నాడు తోటి ఫైర్‌మన్ కట్టయ్య.

పెద్దబాపు బూటు విప్పి, ప్యాంటు పైకి లాగి, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కాడు. వేలు తీసినా గుంట పూడలేదు. "ఇది కండ గాదురా, నీరు" అన్నాడు.

కట్టయ్య మెల్లగా వంగి తన కాలి మీద నొక్కుకున్నాడు. గుంట పడింది. అది పూడుతుందేమోనని అందరం చూస్తూ నిలబడ్డాం.