ముందు మావయ్య మునగాలి

కొత్త వస్తువు ఏదైనా సరే, ముందు తను వాడి చూస్తే తప్ప మావయ్య ఇంకొకరి చేతికి ఇవ్వడు. ఇంట్లోకి కుర్చీ వస్తే మొదట ఆయనే కూర్చుని, ఊగి, వెనక్కి వాలి, అది కిర్రుమంటే "చెప్పానా?" అంటాడు. గొడుగు కొంటే దాన్ని వేసుకుని షవరు కింద నిలబడతాడు. అత్తయ్యకి చెప్పులు తెస్తే, మడమ సగం బయట వేలాడుతున్నా సరే, వాటితో వీధి చివరిదాకా నడిచొస్తాడు. వీధిలో అందరూ ఆయన్ని టెస్టింగు మావయ్య అంటారు. ఆయన అది బిరుదనుకుంటాడు.

అలాంటి మనిషికి తెలియకుండా వేక్‌బోర్డు కొనుక్కుందామనుకుంది ఆయన మేనకోడలు. పడవ లాగుతుంటే తాడు పట్టుకుని, రెండు కాళ్లూ బిగించుకుని నీళ్ల మీద జారే బల్ల అది. సరస్సు దగ్గరి క్లబ్బులో ఆమె నేర్చుకుంటోంది. జట్టులో ఒక్క చోటు ఖాళీ అయింది. ఆదివారం ఎంపిక. ఎవరి బోర్డు వాళ్లే తెచ్చుకోవాలి.

ఆమె గుమ్మం దాటేసరికి మావయ్య చెప్పులేసుకుని సిద్ధంగా ఉన్నాడు.

దుకాణంలో ఆమె కళ్లు మంటల బొమ్మలున్న ఎర్ర బోర్డు మీద పడ్డాయి.

"నువ్వు నిలబడేది బొమ్మ మీదా, బోర్డు మీదా?" అన్నాడు మావయ్య.

దుకాణదారు ఓపికగా వివరించాడు. పొడవు మనిషి బరువుని బట్టి చూసుకోవాలి. పొట్టిదైతే మునుగుతుంది, మరీ పొడుగైతే తిప్పడం కష్టం. అడుగు వంపు ఒకే తీరుగా ఉంటే సాఫీగా పోతుంది. మావయ్య అంతా విని, అలాంటి నీలం బోర్డు ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"దీన్ని ఎవరైనా వాడారా?"

"లేదండీ, కొత్తది."

"మరి మంచిదని మీకెలా తెలుసు?"

దుకాణదారు ఇంకో బోర్డు తీయబోయాడు. ఈలోగా మావయ్య రెండు స్టూళ్ల మధ్య బోర్డు పెట్టి ఎక్కేశాడు.

"సార్, అది అమ్మాయిగారి బరువుకి తగ్గది!"

"అందుకేగా ఎక్కింది. నన్ను మోస్తే దాన్ని మోయదా?"

బోర్డు మోసింది. మోసినందుకు శిక్షగా మర్నాడే సరస్సుకి వెళ్లింది, మావయ్యతో. ఒక్క లైఫ్ జాకెట్ పొట్టకి చాలక రెండు కలిపి కట్టుకున్నాడు. బోర్డుకి బిగించి ఉన్న బూట్లలో సబ్బునీళ్లు పోసి, అత్తయ్య వెనకనుంచి తోస్తే, పాదాలు ముందునుంచి బయటికొచ్చాయి. పడవ కదిలింది. అందరూ నీళ్ల మీద జారతారు. మావయ్య నీళ్లను దున్నాడు.

"ఎవరమ్మా ఆయన?" అన్నాడు కోచ్.

"తెలీదండీ" అంది మేనకోడలు.

ఆ సిగ్గుకి అత్తయ్యని తీసుకుని ముందే ఇంటికొచ్చేసింది. ఆ సాయంత్రం మావయ్య కనుబొమ్మ వాచి ఇంటికొచ్చాడు. "క్లబ్బులో అల్మారా తలుపు తగిలింది" అన్నాడు.

"దాన్ని కూడా టెస్ట్ చేశారా?" అంది అత్తయ్య.

వారమంతా అదే తంతు. రోజూ మునగడం, రాగానే బోర్డుని మంచినీళ్లతో కడిగి, తుడిచి, నీడలో ఆరబెట్టి, స్క్రూలు బిగించడం. ఓసారి మేనకోడలు దాన్ని ఎండలో గోడకి ఆనించిందని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "వేడికి లోపలి పొరలు ఉబ్బుతాయే!"

"ఇన్నేళ్లుగా డాబా మీద ఎండలో బట్టలారేస్తున్నా, నేను ఉబ్బుతానని ఒక్కరోజైనా అన్నారా?" అంది అత్తయ్య.

మావయ్య ఆవిడ వైపు ఓసారి నిదానంగా చూసి, తెలివిగా బోర్డు తుడవడంలో పడ్డాడు.

శనివారం మేనకోడలి ఓపిక నశించింది. "రేపే ఎంపిక! నా బోర్డు మీద నేను ఒక్కసారి కూడా నిలబడలేదు. నీ పిచ్చి వల్ల ఆ చోటు కాస్తా పోతుంది మావయ్యా!"

"ఇంకొక్క రౌండే."

"నీకసలు దాని మీద నిలబడటమే రాదు! లేక్ దగ్గర అందరూ నవ్వుతున్నారు, తెలుసా?"

"నవ్వనీ. రేపు పొద్దున ఇస్తా" అని బోర్డు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున ఇచ్చాడు. బూట్లు సాగిపోయి ఉన్నాయి. ఆమె పళ్లు నూరుకుంటూ రెండు జతల సాక్సులు తొడిగి లేసులు బిగిస్తుంటే, పడవ డ్రైవరు వంగి చూశాడు.

"గట్టిగా తొక్కమ్మా, భయం లేదు. మొదటిదానిలా ఊడదు."

"మొదటిదేంటి?"

"మీ మావయ్య నీకు చెప్పలేదా? మొదటిరోజే, మీరు వెళ్లిపోయాక, మంచి స్పీడులో ఓ బూటు స్క్రూలతో సహా ఊడొచ్చింది. రెండో కాలు ఇరుక్కుపోయి, బోర్డు తిరిగొచ్చి మొహాన కొట్టింది. దుకాణానికి పోయి గొడవ పెట్టుకుని ఇంకోటి తెచ్చాడు. అదే రంగు. ఇక దీన్ని మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టాడు."

"నాకు చెప్పొచ్చుగా!"

"చెప్తే నువ్వు బెదురుతావట. అసలాయనకి ఈత కూడా రాదు. కళ్లు మూసుకుని, 'ఊడితే నా కాళ్ల కిందే ఊడనీ, పోనీ' అనేవాడు."

మేనకోడలు ఒడ్డుకేసి చూసింది. మావయ్య అక్కడ కోచ్ కుర్చీని ఊపి చూస్తున్నాడు. కోచ్ ఇంకా అందులోనే ఉన్నాడు.

పడవ లాగింది. ఆమె లేచింది. కొత్త బోర్డన్న బెరుకుతో మొదటి మలుపు కొంచెం తడబడింది. రెండో మలుపుకి కాళ్ల కింద ఏదీ కదలదని అర్థమైంది. ఆ తర్వాత పడవ లేపిన అల మీదినుంచి, ఎప్పుడూ ధైర్యం చేయనంత ఎత్తుకి ఎగిరి, రెండు కాళ్ల మీదా దిగింది. జట్టులో చోటు దొరికింది.

"చూశావా మావయ్యా, ఎంతెత్తు ఎగిరానో!"

"ఎగరడం ఎవరు చూశారు? నేను ఎడమ బూటు చూస్తున్నా. బానే ఉంది."

మరుసటి వారం ఆమె ఆయన కొలతకి ఓ లైఫ్ జాకెట్ కొనుక్కొచ్చింది. సరస్సు మెట్ల మీద, ఆయన చెయ్యి చాచేలోగా తనే తొడుక్కుని నీళ్లలోకి దూకింది. అందులో ఆమెలాంటివాళ్లు ఇంకో ఇద్దరు పడతారు. తాబేలులా తల మాత్రం బయటపెట్టి తేలింది.

"తేలుతోంది మావయ్యా. ఇవాళ్టి నుంచి నీకు ఈత నేర్పిస్తా."

"నీ బరువుకి తేలితే గొప్పేముంది?" అంటూనే మావయ్య తొడిగించుకున్నాడు, కానీ మెట్టు దిగలేదు. "ముందు మీ అత్తయ్యకి వేసి చూస్తే..."

అత్తయ్య వెనకనుంచి ఒక్క తోపు తోసింది.

మావయ్య మునిగాడు, లేచాడు, నీళ్లు ఉమ్మాడు. మేనకోడలి భుజాన్ని రెండు చేతులా పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకునే, ఒడ్డుకేసి అరిచాడు.

"కుడివైపు బకిల్ వదులుగా ఉంది!"