దగ్గుతో వచ్చిన మార్కులు

మా ఆవిడకి అల్జీమర్స్ మొదలైందని శ్రీకాకుళంలో డాక్టరు చెప్పిన రోజున ఆవిడ అడిగింది ఒక్కటే మాట. "పప్పు ఏరడానికి ఎల్లొచ్చా బాబూ?"

పక్కన కూర్చున్న నేను ఇది ముదురుతుందా, మందులున్నాయా, ఎందుకొచ్చింది అని పది ప్రశ్నలు కాగితం మీద రాసుకుని తెచ్చుకున్నాను. ఆవిడకి అవేవీ అక్కర్లేదు. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్లుగా ఏరుడు బల్ల దగ్గర కూర్చుంటోంది. విరగని గుండు పప్పు ఒక పక్కకి, బద్ద ఒక పక్కకి, ముక్క ఇంకో పక్కకి. ఇంట్లో తాళాలు ఎక్కడ పెట్టిందో మరిచిపోతోంది గానీ ఆ బల్ల దగ్గర ఆవిడ చెయ్యి ఇంకా తప్పలేదు. అక్కడ తన చోటు ఉంటుందా పోతుందా, అదీ ఆవిడ బెంగ.

డాక్టరు నెమ్మదస్తుడు. ఇప్పుడిప్పుడే మొదలు కాబట్టి పని మానొద్దు, వెళ్తూనే ఉండమన్నాడు. మందులతో పాటు ఒక ట్యాబులో ఆటల్లాంటి అభ్యాసాలు వేసిచ్చారు. రోజూ పొద్దున్న అరగంట ఇంట్లోనే చెయ్యాలి. బొమ్మలు కనపడి మాయమవుతాయి, తర్వాత పెద్ద గుంపులోంచి వాటినే వెతికి పట్టుకోవాలి. పదికి ఎన్ని వచ్చాయో ట్యాబే ఆస్పత్రికి పంపిస్తుంది. రెండు నెలలు చూసి, పని సంగతి మళ్లీ మాట్లాడదామన్నారు. "పక్కన కూర్చోండి సార్, సాయం మాత్రం చెయ్యకండి" అని అక్కడి అమ్మాయి నాకు మరీ మరీ చెప్పింది. నేను తల ఊపాను. టెక్కలి ఆఫీసులో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి, తల ఊపడం నాకు బాగా వచ్చు.

మొదటి రోజు పదికి నాలుగు వచ్చాయి. "సూసినావా మావా, నాలుగే" అంది. పెళ్లైన నాటి నుంచీ నన్ను మావా అనే పిలుస్తుంది. ఆ మొహం నేను చూడలేకపోయాను.

వాళ్ల ఏరుడు బల్ల దగ్గర ఒక అలవాటుంది. కొత్తగా చేరిన పిల్ల గుండులో బద్ద వెయ్యబోతే, మేస్త్రి కంట పడకముందే పక్కనున్న ఆవిడ చిన్నగా దగ్గుతుంది. వెంటనే ఆ పిల్ల చెయ్యి ఆగిపోతుంది. మాటా మంతీ ఏమీ ఉండదు. ఈ సంగతులన్నీ సాయంత్రం టీ తాగుతూ ఏళ్ల తరబడి నాకు చెప్పి నవ్వించింది. రెండో రోజు ఆవిడ వేలు గొడుగు బొమ్మకీ లాంతరు బొమ్మకీ మధ్య ఊగిసలాడి తప్పు బొమ్మ మీదికి వెళ్లబోతుంటే నేను దగ్గాను. నాకేసి ఓరగా చూసి, ఫక్కున నవ్వి, వేలు జరిపింది. ఆ రోజు ఏడు వచ్చాయి. వారం తిరక్కుండా పదికి పది.

మోసం చేస్తున్నానని నాకు అనిపించలేదు. పెద్దదాన్ని ఒక పలక ముందు కూర్చోబెట్టి తప్పు, తప్పు అనిపించడమే నాకు తప్పుగా తోచింది. పైగా మార్కులు బాగుంటే పనికి అడ్డు చెప్పరు కదా అని నా లెక్క.

మా ఇద్దరికీ తెలియంది ఏమిటంటే, బాగా చేసేకొద్దీ ట్యాబు తనంతట తనే కష్టం పెంచేస్తుంది. నాలుగో వారానికి నాలుగు బొమ్మల చోట పన్నెండు వచ్చాయి. కళ్లు ఆర్పేలోగా మాయం. ఎక్కడ దగ్గాలో నాకే తెలియకుండా పోయింది. "ఇది నాకూ అందట్లేదే" అని ఒక్క మాట చెప్పొచ్చు. చెప్పలేదు. ఆఫీసులో ఫైలు నంబర్లన్నీ నోటికి చెప్పేవాణ్ణని పేరున్నవాణ్ణి, ఎలా చెప్తాను? అది చాలక కసురుకున్నాను కూడా. "సరిగ్గా సూడొద్దేటే? మనసెక్కడెట్టినావు?" ఆవిడ తల దించుకుంది. మూడు వచ్చాయి. మర్నాడు రెండు.

ఆ వారంలోనే ఒకరోజు మధ్యాహ్నం కాకుండానే ఇంటికి వచ్చేసింది. అన్నం క్యారేజీ విప్పను కూడా లేదు.

"పని మానీసినాను మావా."

"ఎవలేటన్నారు?" అని లేచాను, కొట్టేవాడిలాగే.

"ఎవలూ ఏటీ అన్నేదు. నానే సెప్పీసినాను. మొన్న పదొచ్చీవి, ఇప్పుడు రెండు. నువ్వు దగ్గడం కూడా మానీసినావు. ఇంక దగ్గినా లాబం నేదని నీకు తెలిసిపోనాది కదా. రేపు గుండులో ముక్కలు కలిపీసి అందరికీ సెడ్డపేరు తేవడం ఎందుకు?"

ఏ చోటు నిలబెట్టాలని దగ్గానో ఆ చోటు నేనే ఊడగొట్టాను.

ఆస్పత్రి అమ్మాయికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. మార్కులు ఒక్కసారి పడిపోయాయని వాళ్లే ఫోన్ చెయ్యబోతున్నారట. ఆ అమ్మాయి తిట్టలేదు. "ఇన్నాళ్లూ ఆవిడ మీ ఆట ఆడారు సార్. మొదట్నుంచి పెడతాను, మీరు ఆ గదిలో ఉండకండి" అంది. తిట్టినా బాగుండేది.

మా ఆవిడకి కూడా అంతా చెప్పేశాను. కళ్లు తుడుచుకుని నవ్వేస్తుందనుకున్నాను. రెండు రోజులు అన్నం వడ్డించి వెళ్లిపోయేది. రెండో రాత్రి కంచం తీస్తూ ఒక్కటే అడిగింది. "నీకూ రానేదని ఆ రోజే సెప్పుంటే నాను పని మానుదునా?"

మూడో రోజు పొద్దున్న తనే ట్యాబు తీసుకుని గదిలో కూర్చుంది. నన్ను వీధిలోకి పొమ్మంది. అరుగు మీద కూర్చున్నానో లేదో, నిజంగానే గొంతు గరగరలాడింది. లోపలికి వినపడుతుందన్న భయంతో వీధి చివర కుళాయి దాకా పోయి నీళ్లు తాగి వచ్చాను.

నేను వచ్చేసరికి గుమ్మంలో నిలబడి ఉంది. "ఆరు" అంది.

"పరవానేదులేవే. ఇదివరకు పదేసి వచ్చీవి కదా, మెల్లిగా మళ్లీ..."

"ఆ పదీ నీవి మావా" అంది. "ఈ ఆరూ నావి. మేస్త్రికి ఫోన్ సెయ్యి. రేపట్నించి వస్తానని సెప్పు."

నంబరు నొక్కి నా చెవి దగ్గర పెట్టుకోబోయాను. ఆగి, ఫోను ఆవిడ చేతికిచ్చాను.