తద్దినానికి ఏ తిథి

నేను డిగ్రీ చదివి కాపురానికి వచ్చింది డెబ్బైల చివర్లో, అల్లవరం దగ్గర ఒక పల్లెకి. పుట్టింట్లో పంచాంగమంటే ఉగాది నాడు పసుపు పెట్టి, మర్నాడు అటకెక్కించే పుస్తకం. అత్తింట్లో అలా కాదు. పొద్దున్నే మా మావగారి అరుగు మీద ఊరంతా ఉండేది. ఒకరికి ఊడ్పులకి మంచిరోజు కావాలి, ఒకరికి వర్జ్యం ఎప్పుడు వదులుతుందో కావాలి. పంచాంగంలో వేళలన్నీ ఘడియల్లో ఉంటాయి. ఘడియంటే ఇరవై నాలుగు నిమిషాలు. ఆయన సూర్యోదయం నుంచి నోటితోనే లెక్కగట్టి గంటల్లో చెప్పేసేవారు. లెక్కల్లో ఫస్టుక్లాసు తెచ్చుకున్నానన్న నా గీర అక్కడే సగం దిగింది.

ఆయన కళ్లకి శుక్లాలు కమ్మాక పంచాంగం నేను చదివి వినిపించేదాన్ని. నెల తిరక్కుండానే ఆయన్ని అడక్కుండా జవాబులు చెప్పేయడం కూడా మొదలుపెట్టాను.

ఒకరోజు ఆయన కాలవకి స్నానానికి వెళ్లినప్పుడు, రెండిళ్ల అవతలి మామ్మగారు భర్త తద్దినం ఎప్పుడో కనుక్కోవడానికి వచ్చారు. ఆవిడ భర్త పోయింది బహుళ దశమి. గురువారం సూర్యోదయానికి దశమి ఉంది.

"గురువారం అండీ" అన్నాను ధీమాగా. తద్దినం తప్పితే ఆ ఏడాదంతా పైలోకంలో భర్త పస్తుంటారని ఆవిడ నమ్మకం.

బుధవారం ఉదయం మాటల్లో ఆ సంగతి వస్తే మావగారు కాఫీ గ్లాసు కింద పెట్టేశారు.

"రేపు దశమి ఎన్ని ఘడియలుందమ్మా?"

"పన్నెండండీ."

"అంటే పదకొండు లోపే వెళిపోద్ది. పండక్కి పొద్దుటి తిథి చూసినా, తద్దినానికి మధ్యాహ్నం తిథి చూడాలమ్మా. మధ్యాహ్నానికి దశమి ఉండేది ఇవాళే."

ఆయన చేతికర్ర తడుముకుని లేచారు. నేనూ వెనకాలే మామ్మగారింటికి వెళ్లాను.

"తప్పు నాదండీ. చూపానక గురువారం అని చెప్పించేను. తద్దినం ఇవాళే" అన్నారు మామ్మగారితో.

చెప్పింది నేనేనని ఆవిడకి తెలుసు. నా వంక చూశారు. నేను నేల చూశాను.

స్కూల్లో మేష్టారైన ఆవిడ కొడుకు బయల్దేరబోతుంటే ఆపేశారు. మావగారే వెళ్లి తద్దినం భోజనానికి భోక్తల్ని కుదుర్చుకొచ్చారు. నేను మా పెరట్లో కంద తవ్వించి, అరటాకులు కోసి పంపాను. ఒంటిగంటన్నరకి భోక్తలు విస్తళ్ల ముందు కూర్చున్నారని తెలిశాకగానీ మంచినీళ్లు తాగలేదు. మావగారు నన్ను ఒక్క మాటా అనలేదు. నాలుగు చీవాట్లు పెడితే బాగుండుననిపించింది. అంత పండితుడు పొరుగింటి గుమ్మంలో తలొంచుకున్నది నా తొందరపాటుకి. అంత పెద్ద మనసు నేను మళ్లీ చూడలేదు.

ఇంక పంచాంగం ముట్టుకోకూడదనుకున్నాను. వారం పాటు ఆయనే భూతద్దంతో అవస్థపడ్డారు. తర్వాత ఓ పొద్దున్న మామ్మగారు మనవరాలి అన్నప్రాశనకి ముహూర్తం అడగడానికి వచ్చారు. నేను గుమ్మం లోపలే ఉండిపోయాను.

"మీ కోడల్ని పిలవండి, బావగారూ. ఆ అమ్మాయి చూడాలి" అన్నారావిడ.

"ఆయ్" అని మావగారు పుస్తకం నా వైపు చాపారు.

ప్రతి ఘడియా రెండుసార్లు చదివాను. ఆవిడ తొందరపెట్టకుండా చివరిదాకా విన్నారు.